పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే నల్ల తెర: కార్డు పోలేదు, డ్రైవర్లు ఎక్కువయ్యాయి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. తేడా ఉంటే చెప్పండి. 2011 నాటి ల్యాప్‌టాప్, రెండో తరం కోర్ ఐ5, 8 జీబీ ర్యామ్. అందులో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎన్విడియా జీఫోర్స్ జీటీ 540ఎం కార్డు కూడా ఉంది. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయిందని లినక్స్ మింట్ 22 వేశారు. పాత మెషీన్ కదా, ముందుజాగ్రత్తగా మంచిదని ఎవరో చెబితే గ్రబ్ (ఆన్ చేయగానే లినక్స్‌ని లేపే ప్రోగ్రాం) ఫైల్లో 'నోమోడ్‌సెట్' అనే మాట చేర్చారు. అప్పటినుంచి కిటికీ జరిపితే ముక్కలు ముక్కలుగా కదలడం, యూట్యూబ్ వీడియో ఆగి ఆగి రావడం. ఇదంతా ఎన్విడియా డ్రైవర్ లేకపోవడం వల్లేనని ఒక వీడియోలో చూసి, కంపెనీ సైట్ నుంచి '.రన్' ఫైల్ దించి నడిపారు. చివర్లో ఏదో ఎర్రర్ వచ్చినా పట్టించుకోకుండా, ఆ వీడియోలో చెప్పినట్టే 'ఎక్స్ఆర్గ్ డాట్ కాన్ఫ్' ఫైల్ కూడా రాశారు. ఇప్పుడు ఆన్ చేస్తే నల్ల తెర, పై మూల ఎడమ పక్క మినుకుమినుకుమనే చిన్న గీత. కార్డు కాలిపోయిందా, మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయాలా, ఎన్విడియా డ్రైవర్ ఎక్కించే దారేంటి అని అడిగారు.

కార్డు పోలేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఎన్విడియా డ్రైవర్ సంగతి మాత్రం వదిలేయండి. మీ మెషీన్‌కి కావలసిన డ్రైవర్ కెర్నల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయలోనే ఉంది, మింట్ వేసిన మొదటిరోజు నుంచీ ఉంది. మీరు ఆ తర్వాత చేర్చిన మూడు వస్తువులు దాన్ని పని చేయనివ్వడం లేదు. ఆ మూడూ తీసేస్తే పావుగంటలో డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో పన్నెండేళ్లుగా పాత మెషీన్లను లాక్కొస్తున్నవాణ్ణి, పక్కన ఊళ్లోవాళ్ల ల్యాప్‌టాప్‌లూ చూస్తుంటాను. నా దగ్గరికి 'గ్రాఫిక్స్ ప్రాబ్లం' అని వచ్చినవాటిలో సగానికి పైగా నేను కొత్తగా వేసిందేమీ లేదు, తీసేసిందే.

ఒక చిన్న మాట. కమాండ్లను ఇక్కడ తెలుగులో పలికినట్టు రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎక్కడైనా పెద్దక్షరం కావాలంటే అక్కడే చెప్తాను.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే తర్వాతి పనులు గుడ్డిగా చేయనక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్నా తెరకి వెళ్లే తీగ మాత్రం ఇంటెల్‌కే కలిసి ఉంటుంది. ఎన్విడియావాళ్లు దీన్ని ఆప్టిమస్ అన్నారు. వంటింట్లో రెండు పొయ్యిలున్నాయి, వడ్డించే గుమ్మం మాత్రం ఒక్కటే అనుకోండి. ఎన్విడియా పొయ్యి మీద వండినా కంచంలోకి రావాలంటే ఇంటెల్ గుమ్మం దాటే రావాలి. అందుకని ఇంటెల్ డ్రైవర్ పడుకుంటే, ఎన్విడియా డ్రైవర్ ఎంత గొప్పదైనా మీకు తెర మీద ఏమీ కనపడదు.

ఇప్పుడు 'నోమోడ్‌సెట్' ఏం చేసిందో చూడండి. తెర రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు లాంటివి సెట్ చేసే పని కెర్నల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. ఆ పని చేయొద్దని కెర్నల్‌కి చెప్పే మాటే ఇది. అది కనపడగానే ఇంటెల్ డ్రైవర్ 'ఐ915' నడవనని పక్కకి తప్పుకుంటుంది. నూవో కూడా అంతే (నూవో అంటే ఎన్విడియా కార్డుల కోసం బయటివాళ్లు కష్టపడి తయారుచేసిన ఓపెన్‌సోర్స్ డ్రైవర్, 2010 నుంచి కెర్నల్‌లోనే ఉంది). అప్పుడు బొమ్మ గీసే పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. దాన్ని చేసే సాఫ్ట్‌వేర్ పేరు ఎల్ఎల్‌వీఎం‌పైప్. పదిహేనేళ్ల నాటి ఐ5 మీద ఆ బరువు వేస్తే కిటికీ జరపడానికే ఆయాసపడుతుంది. మీకు మొదట్లో వచ్చిన నత్తనడక అదే. ఎన్విడియా డ్రైవర్ లేకపోవడం దానికి కారణం కానే కాదు.

నోమోడ్‌సెట్ అనేది అంబులెన్స్ లాంటిది. ఆస్పత్రికి చేర్చడానికి ఎక్కాలి, అందులో కాపురం పెట్టకూడదు. తెర అసలే రానప్పుడు ఒక్కసారి బూట్ అయి, లోపలికెళ్లి సంగతి చూసుకోవడానికే అది. ఉబుంటులో 'సేఫ్ గ్రాఫిక్స్' అని, మింట్‌లో 'కంపాటిబిలిటీ మోడ్' అని మెనూలో ఉండేవాటి వెనక ఉన్నదీ ఇదే.

ఇక ఎన్విడియా డ్రైవర్ సంగతి. జీటీ 540ఎం ఫెర్మీ తరం చిప్. ఆ తరానికి ఆఖరి డ్రైవర్ 390 సిరీస్. దానికి కంపెనీ 2022 చివరితో మంగళం పాడేసింది. అంతకన్నా పాత జీఫోర్స్ 8, 9 తరాలకు 340 సిరీస్, అది 2019తో ఆగింది. ఇంకా పాత 6, 7 వాళ్లకి 304, అది 2017తో సరి. మీ తర్వాతి కెప్లర్ తరానికి 470 సిరీస్, అదీ 2024లో ముగిసింది. ఈ డ్రైవర్లు కెర్నల్ బయట ఉండే సరుకు. కెర్నల్ లోపలి ఏర్పాట్లు ప్రతి రెండు మూడు నెలలకీ కొంచెం కొంచెం మారుతుంటాయి. వాటితో పాటు డ్రైవర్‌ని ఎవరో ఒకరు సర్దుతూ ఉండాలి, సర్దేవాళ్లు ఆపేస్తే ఏదో ఒక కెర్నల్ దగ్గర అది కంపైల్ అవడం మానేస్తుంది. మింట్ 22 వచ్చింది ఉబుంటు 24.04 మీద, కెర్నల్ 6.8తో. ఆ ఉబుంటు రిపాజిటరీలోనే (సాఫ్ట్‌వేర్ దించుకునే గిడ్డంగి) 390 లేదు. 22.04లో ఉండేది, తీసేశారు. డెబియన్‌లోనూ 11లో ఉండేది, 12కి వచ్చేసరికి లేదు. మీకు చివర్లో వచ్చిన ఎర్రర్ అదే అయ్యుంటుంది, మాడ్యూల్ తయారు కాలేదన్నమాట.

అది తయారు కాకుండా ఆగిపోతే నష్టం లేకపోను. కానీ ఆ ఇన్‌స్టాలర్ మొదటిసారి నడిపినప్పుడు "నూవో నడుస్తోంది, దాన్ని ఆపే ఫైల్ రాయమంటారా" అని అడుగుతుంది. మీరు అవునని ఉంటారు, అందరూ అంటారు. ఆ ఫైల్ అక్కడే ఉంది. దాని మీద ఎక్స్ఆర్గ్ ఫైల్లో "ఎన్విడియా డ్రైవరే వాడు" అని మీ చేత్తో మీరే రాశారు. లేని డ్రైవర్‌ని వాడమంటే తెర నడిపే ఎక్స్ సర్వర్ లేచి, వెతికి, దొరక్క పడిపోతుంది. మీకు కనిపిస్తున్న ఆ మినుకు గీత అదే.

ఇప్పుడు బాగుచేద్దాం. గీత మినుకుతుంటే మెషీన్ బతికే ఉందని అర్థం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో లాగిన్ అడుగుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనపడవు, అది మామూలే, కొట్టి ఎంటర్ నొక్కండి. పాస్‌వర్డ్ పడట్లేదనుకుని మెషీన్ ఆపేసినవాళ్లని చూశాను.

మొదట ఎక్స్ఆర్గ్ ఫైల్. అది 'ఈటీసీ' ఫోల్డర్లో 'ఎక్స్11' అనే ఫోల్డర్లో ఉంటుంది. ఇక్కడ ఎక్స్ పెద్దక్షరం, ఇది గుర్తుంచుకోండి. తుడిచేయొద్దు, 'సుడో ఎంవీ' కమాండ్‌తో దాని పేరు చివర '.పాత' లాంటి తోక తగిలించండి (ఇంగ్లీషులోనే). ఇప్పటి లినక్స్‌కి ఈ ఫైల్ అక్కర్లేదు, లేకపోతే ఏ చిప్‌లున్నాయో తనే చూసుకుంటుంది. 2008-09 ప్రాంతంలో మేము ఈ ఫైల్ చేత్తో రాసేవాళ్లం, ఆ కాలం నాటి పాఠాలు ఇంకా వీడియోలై తిరుగుతున్నాయి.

తర్వాత నూవోని ఆపుతున్న ఫైల్. 'ఈటీసీ' లోపల 'మోడ్‌ప్రోబ్ డాట్ డీ' ఫోల్డర్లో గానీ, 'యూఎస్ఆర్' లోపల 'లిబ్' లోపల అదే పేరున్న ఫోల్డర్లో గానీ ఉంటుంది. పేరు 'ఎన్విడియా హైఫన్ ఇన్‌స్టాలర్ హైఫన్ డిసేబుల్ హైఫన్ నూవో' అని మొదలవుతుంది. రెండు చోట్లా 'ఎల్ఎస్' కొట్టి చూడండి, దొరికినచోట తీసేయండి. ఆ వెంటనే 'సుడో అప్‌డేట్ హైఫన్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ హైఫన్ యూ' కొట్టాలి. ఇది మరిచిపోతే ఫైల్ తీసినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే బూట్ అయ్యే తొలి క్షణాల్లో వాడే చిన్న మూటలో దాని పాత కాపీ ఉండిపోతుంది. నేనే ఒకసారి ఇది మరిచి గంటన్నర తల పట్టుకున్నాను.

'సుడో ఎన్విడియా హైఫన్ అన్‌ఇన్‌స్టాల్' కూడా ఒకసారి కొట్టండి. అలాంటి కమాండ్ లేదంటే కంగారు పడొద్దు, ఇన్‌స్టాల్ పూర్తి కాలేదు కాబట్టి లేకపోవడమే సహజం.

మూడోది గ్రబ్. 'సుడో నానో' తో 'ఈటీసీ' లోని 'డిఫాల్ట్' ఫోల్డర్లో 'గ్రబ్' ఫైల్ తెరవండి. 'క్వయట్ స్ప్లాష్' అని ఉన్న లైన్ దగ్గర నోమోడ్‌సెట్ ఉంటుంది. ఆ ఒక్క మాటే తీసేయండి, కొటేషన్ గుర్తులు చెరపొద్దు. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. బయటికొచ్చి 'సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్'. తర్వాత 'సుడో రీబూట్'.

లేచాక నమ్మకంతో ఊరుకోకండి, చూసుకోండి. టెర్మినల్ తెరిచి 'ఇంక్సీ హైఫన్ జీ' కొట్టండి, ఈ జీ పెద్దక్షరం. మింట్‌లో ఈ పనిముట్టు ముందే ఉంటుంది. మొదటి డివైస్ దగ్గర ఇంటెల్, డ్రైవర్ ఐ915. రెండో డివైస్ దగ్గర జీఎఫ్108ఎం, అంటే మీ 540ఎం చిప్ అసలు పేరు, డ్రైవర్ నూవో. కింద రెండరర్ దగ్గర 'మెసా ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ 3000' అని, ఓపెన్‌జీఎల్ 3.3 అని రావాలి. అక్కడ ఎల్ఎల్‌వీఎం‌పైప్ అని కనపడితే ఇంకా ఏదో అడ్డుపడుతోంది. ఈ ఒక్క లైను చూస్తే చాలు, మిగతా అనుమానాలు సగం పోతాయి. ఎవరైనా "లినక్స్ స్లో" అని ఫోన్ చేస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ లైన్లో ఏముందో చదవమని.

ఇక్కడొక సందేహం రావచ్చు. ఎన్విడియాని ఎలాగూ వాడట్లేదు కదా, నూవోని కూడా ఆపేస్తే పోలా అని. వద్దు. మీలాంటి మెషీన్‌లో నూవో చేసే గొప్ప పని బొమ్మలు గీయడం కాదు, ఎన్విడియా చిప్‌ని నిద్రపుచ్చడం. ఏ డ్రైవరూ పట్టించుకోకపోతే ఆ చిప్ పనీపాటా లేకుండా మేలుకొని కరెంటు తింటూ, ల్యాప్‌టాప్ పక్క నుంచి వేడి గాలి కొట్టిస్తూ ఉంటుంది. నిద్రపోయిందో లేదో చూడాలంటే 'సుడో క్యాట్' తో 'సిస్', 'కెర్నల్', 'డీబగ్', 'వీజీఏస్విచరూ', 'స్విచ్' వరుసలో ఉన్న ఫైల్ చదవండి. ఐజీడీ (ఇంటెల్) అన్న లైన్లో 'పవర్' అని (మూడక్షరాల్లో), డీఐఎస్ (ఎన్విడియా) అన్న లైన్లో 'డైన్‌ఆఫ్' అని వస్తే అంతా సవ్యం.

అయితే కొన్ని మెషీన్లలో నూవోనే తగువు పెడుతుంది. మూత మూసి తెరిస్తే లేవకపోవడం, లేదా బూట్ మధ్యలో బిగుసుకుపోవడం. మీకలా జరిగితే మళ్లీ నోమోడ్‌సెట్ జోలికి పోకండి. గ్రబ్‌లో 'నూవో డాట్ మోడ్‌సెట్ ఈక్వల్స్ సున్నా' అని పెట్టండి. నోమోడ్‌సెట్ ఇద్దర్నీ ఇంట్లోంచి గెంటేస్తుంది, ఇది తగువులమారిని మాత్రమే బయట నిలబెడుతుంది, ఇంటెల్ హాయిగా పనిచేసుకుంటుంది. చిప్ నిద్రపోదు కాబట్టి వేడి కొంచెం ఉంటుంది, దానికి ఒప్పుకోవాలి. కొన్ని బిజినెస్ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో 'ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్' మాత్రమే అని ఎంచుకునే వీలుంటుంది. ముందు అది వెతకండి, ఉంటే అదే అన్నిటికంటే మేలు. ఒక్కటే ఇబ్బంది: చాలా ఆప్టిమస్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు తీగ ఎన్విడియా చిప్‌కి కలిసి ఉంటుంది, దాన్ని ఆపేస్తే ప్రొజెక్టర్ రాదు. క్లాసులు చెప్పేవాళ్లు ఇది సెమినార్ రోజున కాక ముందే చూసుకోవాలి.

మూడూ తీసేసినా నల్లగానే ఉంటే? అప్పుడు గది లైటు ఆర్పి, ఫోన్ టార్చ్ వేసి తెర మీద ఏటవాలుగా కొట్టి చూడండి. ఇది నవ్వులాటకి చెప్పట్లేదు. మా బావమరిది తెనాలి నుంచి బస్సులో పట్టుకొచ్చిన ల్యాప్‌టాప్‌కి రెండు డిస్ట్రోలు (లినక్స్ రకాలు) మార్చి మార్చి వేశాడట, అయినా నలుపే. టార్చ్ కొడితే లాగిన్ బాక్స్ లీలగా కనపడింది, లోపల గోడమీద నీడలాగ. గ్రాఫిక్స్ అంతా సవ్యంగానే ఉంది, తెర వెనక లైటు వెలగట్లేదు అంతే. గ్రబ్‌లో 'ఏసీపీఐ అండర్‌స్కోర్ బ్యాక్‌లైట్ ఈక్వల్స్ వెండర్' అని పెట్టగానే వెలిగింది. వెండర్ పనిచేయకపోతే 'నేటివ్', అదీ కాకపోతే 'వీడియో' అని మార్చి చూడాలి. అది చేసేటప్పుడు ఫైల్ మార్చక్కర్లేదు. ఆన్ చేయగానే షిఫ్ట్ పట్టుకుంటే (కొత్త తరహా బయోస్ అయితే ఎస్కేప్ కొడితే) గ్రబ్ మెనూ వస్తుంది. అక్కడ 'ఈ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైన్ చివర ఆ మాట చేర్చి ఎఫ్10 కొట్టండి. ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. పనిచేసిందని తేలాక ఫైల్లో రాసుకోవచ్చు. నోమోడ్‌సెట్ కూడా మీరు మొదట ఇలాగే వాడి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

ఇంకో రకం నల్ల తెర మన దగ్గర ఎక్కువ, బయటి దేశాలవాళ్ల గైడుల్లో దీని ఊసే ఉండదు. పాత ల్యాప్‌టాప్ అంటే బ్యాటరీ చచ్చి ఉంటుంది, ఎప్పుడూ ప్లగ్గులోనే. మా ల్యాబ్‌లో ఒక మే నెల మధ్యాహ్నం అప్‌డేట్ పెట్టి టీకి వెళ్లాను, కరెంటు పోయింది. కెర్నల్ సగం ఎక్కింది, సగం లేదు. ఆ మెషీన్లో కెప్లర్ కార్డు, 470 డ్రైవర్. కెర్నల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్ని డీకేఎంఎస్ అనే పనిముట్టు కొత్తగా తయారుచేయాలి. అది మధ్యలో ఆగింది. తర్వాత ఆన్ చేస్తే నలుపు. అప్పుడు చేసింది రెండే పనులు. గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోకెళ్లి పాత కెర్నల్ ఎంచుకుంటే మామూలుగా లేచింది. లేచాక 'సుడో డీపీకేజీ' కి 'కాన్ఫిగర్' ఆప్షన్ ఇచ్చి (ముందు రెండు హైఫన్లు, చివర హైఫన్ ఏ) ఆగిన పని పూర్తి చేయించాను. అప్పటినుంచి కొత్త కెర్నల్ ఎక్కిన వారం దాకా పాతదాన్ని తీయను. అప్‌డేట్ పెట్టేముందు యూపీఎస్ ఉన్న టేబుల్ దగ్గరికి మారతాను. మీరు ఇంటెల్ మీదే ఉంటే డీకేఎంఎస్ తలనొప్పి ఎలాగూ ఉండదు, డ్రైవర్ కెర్నల్‌తోనే వస్తుంది.

2012 తర్వాతి మెషీన్ అయితే సెక్యూర్ బూట్ కూడా చూడాలి. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని బయటి డ్రైవర్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు, చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. మీ 2011 మెషీన్‌కి ఈ బెడద ఉండదు.

హార్డ్‌వేరే పోయిందా అన్న మీ భయానికి సులువైన పరీక్ష ఉంది. ఆన్ చేయగానే కంపెనీ లోగో వచ్చే తెర మీద, బయోస్ మెనూలో గీతలు, రంగు చుక్కలు, గళ్లు కనపడుతున్నాయా? అక్కడికి లినక్స్ ఇంకా రాలేదు, డ్రైవరూ రాలేదు. అక్కడే గీతలుంటే తప్పు చిప్‌దో తెరదో కేబుల్‌దో. బయటి మానిటర్ తగిలిస్తే అదేదో కొంత తేలుతుంది, రెండింట్లోనూ ఒకే గీతలుంటే చిప్ వైపు అనుమానించాలి. లోగో దగ్గర శుభ్రంగా ఉండి డెస్క్‌టాప్ వచ్చాకే గీతలొస్తే డ్రైవర్ వైపు చూడాలి. వాడుతుంటే పది నిమిషాలకి గీతలొచ్చి ఆగిపోతుంటే ముందు ఫ్యాన్ ఊడదీసి దుమ్ము దులపండి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చండి. మా ల్యాబ్‌లో ఒక ల్యాప్‌టాప్ ఫ్యాన్ లోంచి దుమ్ము దూదిపింజలా వచ్చింది, ఆ తర్వాత అది ఇంకో రెండేళ్లు నడిచింది.

గీతలున్న చిప్‌ని వేడి గాలితో కాల్చి బాగుచేస్తామని కొన్ని షాపులవాళ్లు అంటారు. ఒకసారి నేనూ నమ్మి మూడు వేలు పెట్టాను. మూడు వారాలు పనిచేసింది. నాలుగో వారం మళ్లీ అవే గీతలు, ఈసారి ఇంకొంచెం చిక్కగా. అలాంటి మెషీన్ మీద ఇంక డబ్బు పెట్టొద్దు.

వేరే కార్డులున్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్లకి రెండు ముక్కలు. ఏఎండీ రేడియాన్ పాతవైతే కెర్నల్‌లోని 'రేడియాన్' డ్రైవరే చాలు. కెటలిస్ట్, ఎఫ్‌జీఎల్ఆర్ఎక్స్ అనే పేర్లు ఏ పాఠంలో కనపడినా ఆ పేజీ మూసేయండి, ఉబుంటు 16.04 నాడే దాన్ని వదిలేశారు. వీటికి కావలసిందల్లా ఫర్మ్‌వేర్ ఫైళ్లు. అవి లేకపోతే తెర చిన్న రిజల్యూషన్‌లో ఇరుక్కుంటుంది. డెబియన్ పాత ఇన్‌స్టాలర్లలో విడిగా వేసుకోవాల్సి వచ్చేది, 2023లో వచ్చిన 12 నుంచి దానితోనే వస్తున్నాయి. ఆటమ్ ప్రాసెసర్ నెట్‌బుక్‌లలో జీఎంఏ 500, 3600 అని ఉంటే మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ గ్రాఫిక్స్ ఇంటెల్ సొంతం కాదు, పవర్‌వీఆర్ వాళ్ల దగ్గర తెచ్చిపెట్టింది. లినక్స్‌లో తెర వస్తుంది గానీ త్రీడీ వేగం రాదు. ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ వేసి, కంపోజిటింగ్ ఆపేసి, టైపింగ్‌కి వాడుకోవడమే.

మీ యూట్యూబ్ సంగతి. ఇంటెల్ డ్రైవర్ లేచాక చాలావరకు బాగుపడుతుంది, కానీ పూర్తిగా కాకపోవచ్చు. రెండో తరం ఇంటెల్ చిప్‌కి హెచ్.264 వీడియోని తనంతట తాను విప్పడం తెలుసు. వీపీ9, ఏవీ1 తెలియవు, అవి ఈ చిప్ తర్వాత వచ్చినవి. యూట్యూబ్ పంపేది ఎక్కువగా ఆ రెండే, అప్పుడు పని ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌కి 'హెచ్264ఇఫై' అనే చిన్న ఎక్స్‌టెన్షన్ ఉంది, అది వేస్తే యూట్యూబ్ హెచ్.264 పంపుతుంది. ఆ కోడెక్‌లో 1080 దాటి రాదు, మీ తెరకి అంతకన్నా అక్కర్లేదు. 'ఐ965 హైఫన్ వీఏ హైఫన్ డ్రైవర్' ప్యాకేజీ ఉందో లేదో కూడా చూసుకోండి. 'ఇంటెల్ మీడియా డ్రైవర్' అనే కొత్తది ఐదో తరం నుంచి మొదలవుతుంది, మీకు పనికిరాదు.

ప్రశ్న చివర్లో మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవడానికే ఎన్విడియా కావాలన్నారు. అక్కడ మిమ్మల్ని నిరాశపరచక తప్పదు. ఎన్విడియా కార్డు మీద ఆ లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్ పేరు 'క్యూడా' (ఇంగ్లీషులో CUDA). మీ కార్డులో ఉన్నది 96 క్యూడా కోర్లు, ఫెర్మీ తరానికి క్యూడా ఆఖరి వెర్షన్ 8. తొమ్మిదో వెర్షన్‌లోనే ఆ తరాన్ని తీసేశారు. ఇప్పటి పైటార్చ్, టెన్సర్‌ఫ్లో ఆ కార్డుని చూడను కూడా చూడవు. అంటే 390 డ్రైవర్ ఎలాగో ఎక్కించినా మీరు అనుకున్న పని జరగదు. గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా ఇచ్చే జీపీయూ మీద చేసుకోండి, ఈ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ బాగా నడిస్తే చాలు. ఆటల కోసమైతే కూడా అంతే. ఈ ఇంటెల్ చిప్‌కి వల్కన్ (కొత్త ఆటలు బొమ్మ గీయడానికి వాడే పద్ధతి) లేదు, కొత్త విండోస్ ఆటలు ప్రోటాన్ (విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడవవు. పాతవి, చిన్నవి నడుస్తాయి.

పాత ఉబుంటు, పాత కెర్నల్ వేసి 390ని అక్కడ నడుపుకోమని కొందరు సలహా ఇస్తారు. నడుస్తుంది, కాదనను. ఇంటర్నెట్ తగిలించని మెషీన్ అయితే నేనూ సరే అంటాను. బ్యాంకు పనులు, చదువు చేసుకునే మెషీన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన డ్రైవర్ కోసం కెర్నల్‌ని గడ్డకట్టించడం నాకు నచ్చదు. పైగా 540ఎంతో ఆ కష్టానికి తగ్గ ఫలితం రాదు, నేను మూడు మెషీన్లలో చూసుకున్నాకే చెప్తున్నాను.

ఇవన్నీ చేసినా తెర రాకపోతే, 'జర్నల్‌సీటీఎల్ హైఫన్ కే హైఫన్ బీ' కొట్టి ఐ915, నూవో అన్న మాటలున్న లైన్లు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టండి. మెషీన్ బిగుసుకుపోయి బలవంతంగా ఆపాల్సి వస్తే, తర్వాత లేచినప్పుడు అదే కమాండ్ చివర హైఫన్ 1 చేర్చండి, అంతకుముందు బూట్ తాలూకు రాతలు వస్తాయి. వాటిలో 'జీపీయూ హ్యాంగ్' అన్న మాట ఉందేమో ముఖ్యంగా చూడండి. 'ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ ఎన్ఎన్‌కే' ఇచ్చేది కూడా పెట్టండి. అందులో ఎన్విడియా కార్డు 'వీజీఏ' అని కాకుండా 'త్రీడీ కంట్రోలర్' అనే పేరుతో ఉండొచ్చు, కాబట్టి వీజీఏ లైన్ ఒక్కటే కత్తిరించి కాకుండా మొత్తం పెట్టండి. టార్చ్ వేస్తే ఏం కనపడిందో కూడా రాయండి.